శేషగిరి బావ సిగార్ల పెట్టె

నాచారం కర్మాగారాల్లో మొరాయించిన యంత్రాలకు ప్రాణం పోసి, విశ్రాంత జీవితంలో మా వీధికే ప్రాణమై నిలిచిన శేషగిరిరావు గారు ఇక లేరు. ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా ఈ దుర్వార్త విన్నాను. నమ్మలేదు. కోతలు కోయడం నా సొత్తు కదా, ఎవరో నామీదే ప్రయోగించారనుకున్నాను.

ఆయన గోదావరి తీరవాసి, నేను ఉప్పల్‌లో పుట్టినవాణ్ణి. ఆయనను బావా అని, భార్య సుశీలమ్మ గారిని అక్కా అని పిలిచేవాణ్ణి. రాష్ట్రం విడిపోతుందా లేదా అని ఊరంతా వాదులాడుకున్న రోజుల్లోనూ ఆ పిలుపులు మారలేదు.

యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు బహూకరించిన సిగార్ల పెట్టె ఆయన ఆరాధ్యదైవం. లోపలంతా దేవదారు పలక. ఒక మూల చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి. మూతకు తేమను చూపే ముల్లు. బోరునీళ్లతో బూజు పడుతుందని, బ్యాటరీల దుకాణం నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చి తడిపేవారు. నడివేసవిలో పెట్టెను మంచం కిందికి చేర్చి, నిద్రించే పసిపాపలను ఒత్తిగిల్లజేసినట్లు ఒక్కొక్క సిగారునూ తిప్పి పెట్టేవారు. మా వీధి నల్లాలు ఎండిన ఒక ఏడు, దప్పికగొన్న పిచ్చుకలు వచ్చి ఆ పెట్టె తలుపు తట్టాయని లాలాపేట దాకా నేనే ప్రచారం చేశాను.

ఆయన కోపగించలేదు. "బావమరిదీ, నీ కోతలకీ నా సిగార్లకీ తేమ సరిగ్గా ఉండాలోయ్. తక్కువైతే పొడిపొడిగా రాలిపోతాయి, ఎక్కువైతే బూజెక్కుతాయి," అన్నారు.

గుండెపోటు వచ్చాక అక్క పొగ మాన్పించింది. "పెట్టె ఉంచుకోండి. వెలిగించారంటే నామీద ఒట్టే!" అన్నది. ఆ ఒట్టు ఆయన తప్పలేదు. స్పాంజి తడపడమూ మానలేదు.

"తాగేది లేదు, ఇంకెందుకు బావా గీ సేవ?" అని ఆటపట్టించాను.

"మీ అక్క ఎప్పుడైనా మనసు మార్చుకుంటే, అప్పటికి ఇవి ఎండిపోయి ఉండకూడదుగా!"

కర్మ నాడు మేడమీద పిండం పెట్టారు. కాకి రాలేదు. ఆయన తమ్ముడు పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు. "బావ పానం సిగార్ మీద గుంజుతుందేమో, జర సూద్దాం," అంటూ పొద్దున్నే జేబులో వేసుకున్న సిగారును విస్తరి పక్కన పెట్టాను. ఎండకు దాని పైఆకు చిట్లిపోయింది. కాకి జాడ లేదు.

అక్క ముఖం వాడిపోయింది. "నేనే కదా తమ్ముడూ మాన్పించింది. ఆ కోరికతోనే వెళ్లిపోయారు," అంటూ కిందికి దిగి, పెట్టె ఎత్తుకొచ్చింది. మూత తీస్తే స్పాంజి తడిగా ఉంది. ఆయన పోయినప్పటి నుంచీ అక్కే తడుపుతోందట! మెత్తని సిగారు ఒకటి ఏరి, ఆయనలాగే వేళ్ల మధ్య నొక్కి చూసి, విస్తరి దగ్గర పెట్టింది.

"కాల్చుకోండి. ఒట్టు తీసేశాను," అన్నది.

కాకి వచ్చింది. సిగారును కాలితో పక్కకు నెట్టి, అక్క వండిన గారెముక్కను ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

నేను చెప్పేవి నమ్మనివారు అక్కనే అడగవచ్చు. ఇచ్చిన మాటకు అంతగా కట్టుబడే మనిషిని మా వీధి మళ్లీ చూడబోదు. ఆ పుణ్యమూర్తికి చేతులెత్తి నమస్కరించాను. అక్క మాత్రం కన్నీళ్లలోనే నవ్వింది.

"చూశావా తమ్ముడూ, తీసేశానన్నా వినలేదు!"