జిప్పు కవరులో నవల

ఇంతవరకు నన్ను తన రెక్కల చాటున దాచిన ప్రభువుకు స్తోత్రం.

చార్మినార్ నుంచి మలక్‌పేట వెళ్లే బస్సులో, పక్కాయన ఒడిలో సిలువ గుర్తున్న నల్ల జిప్పు కవరు చూసి, "వందనాలు బ్రదర్, మీది ఏ సంఘం?" అని అడిగాను. ఆయన నవ్వి జిప్పు తీశాడు. లోపల బైబిలు లేదు. దేవుడు లేడు, బతుకుకు అర్థం లేదు అని చెప్పే పాత ఫ్రెంచి నవల ఉంది. మా సంఘంలో యువకులను చదవొద్దని హెచ్చరించిన పుస్తకమే అది. ఇదేదో సాతాను ఉచ్చేమోనని కొంచెం జరిగి కూర్చున్నాను.

"ఏంది బ్రదర్, గిది వెక్కిరింతా?"

"గట్లెందుకంటవ్ అన్నా? ఈ కవర్ మా అమ్మది. ఆమె బైబిలు ఆమె శవపెట్టెలనే పెట్టి పూడ్చినం."

"మరి ఈ పుస్తకం నచ్చిందా?"

"మస్తు కోపమొస్తది. లేని దేవుని మీద గింత లొల్లి ఎందుకనిపిస్తది. అమ్మ పోయినప్పటి సంది నేను జేస్తున్నది గూడ గదే."

దిగేముందు ఆయన జిప్పును మెల్లగా చివరిదాకా మూశాడు, లోపల బైబిలు ఉన్నట్టే.

ఆ మాటలు నమ్మాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు. పేరైనా అడగలేదు. దేవునితో ఆయన పెట్టుకున్న ఆ లొల్లి ఆగిపోకముందే ఆయనకు జవాబు దొరకాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి.