మామ్మ తీపు అన్నది, నేను బెల్లం దాచిన

దగ్గరికి జరిగి కూసోండి, గట్టిగ చెప్పుకునే ముచ్చట కాదిది. ఆ రోజుల్లో, అంటే ఇంటింటికి ఇంకా సెల్‌ఫోన్ రాని కాలంల, నాకు ఇరవై ఏండ్లు, ఏడో తరగతి చదువు, అన్నీ తెలుసన్న పొగరు. పినపాక నుంచి మధిర దిక్కు ఒక రైతుల ఇంటికి, మంచంల ఉన్న మామ్మను చూసుకునే పనికి పోయిన. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డోళ్ళు. మామ్మకు పక్షవాతం, మాట సగమే వస్తది, పైనుంచి షుగర్. పని నేర్పిన నర్సక్క వేలు చూపించి మరీ చెప్పింది: "తీపి ముట్టనిచ్చినవో, ఆమె పానం నీ మీదనే."

మొదటి రోజు పగటేళ కోడలమ్మ పత్తి చేనుకు పోయింది. ఇంట్ల మామ్మ, నేను, నా భయం. ఇంతల మామ్మ మూలిగింది.

"తీపు... తీపే..."

"షుగర్ ఉన్నది మామ్మా, తీపి ఇయ్య."

"తీపే... మొద్దుదానా."

తిట్టి మరీ అడుగుతుందంటే బెల్లమేనని నమ్మిన. వంటింట్ల బెల్లం డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకొని కాపలా కూసున్న. (లేవలేని మనిషి నుంచి డబ్బాను కాపాడుడేందని అప్పుడు తోచలే.) మూలుగు పెరిగింది, ఆమె కండ్లెంట నీళ్ళు. ఈమె పోతే నన్ను పోలీసోళ్ళు పట్టుకపోతరని ఒకటే భయం. ఆ భయంల చెయ్యి ఊకుండక, బెల్లం ముక్కలు ఒక్కొక్కటి నా నోట్లకే పోయినయి.

దుప్పటి సర్దబోతే నా చెయ్యి ఆమె పిక్కకు తగిలింది. "తీపూ" అని మొత్తుకుంది. అక్కడ ఆగిపోయిన. కాలు నరం లాగితే మా దిక్కు గుంజుతుందంటం. ఒకవేళ వీళ్ళు ఆ గుంజుడునే తీపు అంటరేమో...

"కాలు గుంజుతుందా మామ్మా?"

ఆమె తల ఊపి, హమ్మయ్య అన్నట్టు కండ్లు మూసుకుంది. ఉరికిపోయి ఇంటి ఫోన్ల నర్సక్కను అడిగి, డాక్టరు రాసిచ్చిన నొప్పి గోలి ఇచ్చిన, మెల్లగ పక్కకు తిప్పి పిక్క కింద మెత్త పెట్టిన. కొంతసేపటికి మూలుగు తగ్గింది. మామ్మ ఒక కన్ను తెరిచి నా మూతి దిక్కు చూసింది.

"బెల్లం... దొంగ."

ఆమె బతికున్న మూడేండ్లు నా పేరు అదే. ఇప్పటికీ ఎవరు మూలిగినా, మందు సంగతి తర్వాత, ముందుగాల చెయ్యేసి "యాడ నొప్పి?" అని అడుగుత. డబ్బా ఒళ్ళో పెట్టుకొని కాపలా కూసున్న ఆ పిల్ల యాదికొస్తే నవ్వొస్తది, జర పాపమనీ అనిపిస్తది.

మీ ఇల్లు సల్లగుండ. మీ ఇంట్ల తీపంటే ఎప్పటికీ బెల్లమే కావాలె.