బీరువాల సంతోషి పందెం

సంతోషికి ఉన్నన్ని గొప్పలు మహేశ్వరం చుట్టుపక్కల ఇంకెవరికీ లేవు. ఆమె రంగు వేసిన గేటు ముందు ఎవరైనా ఆగి చూస్తుంటే, "గది నేను కొట్టిందే" అని బండి ఆపి మరీ చెప్పిపోతుంది. విన్నవాళ్లు నవ్వుకుంటారు గానీ, కాదనడానికి గేటు మీద ఒక్క మచ్చయినా దొరకాలి కదా. దొరకదు.

పెళ్లయిన కొత్తలో ఆమె కొత్తూరులో బీరువాలు చేసే షెడ్డులో పనికి చేరింది. రేకుల మీది నూనె జిడ్డును థిన్నర్ గుడ్డతో తుడవడమే పని. రంగు కొట్టే మేస్త్రీ లక్ష్మణ్ తన స్ప్రే గన్నును ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకరోజు ఆయన చుట్టాల పెళ్లికని మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. సంతోషి తుడవాల్సిన తలుపును తుడిచేసి, ఊరికే కూర్చోలేక దానికి రంగు కూడా కొట్టేసింది. మర్నాడు లక్ష్మణ్ ఆ తలుపును వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఎవలు కొట్టిన్రు?"

"నేనే. నీకంటె మంచిగొచ్చింది, చూసుకో."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు పని ఊడేది. తలుపు నిజంగానే అద్దంలా వచ్చింది కాబట్టి లక్ష్మణ్ ఏదో గొణుక్కుని ఊరుకున్నాడు. ఆ తర్వాత ఆ షెడ్డు నుంచి బయటికి వెళ్లిన బీరువాలకు చాలావరకు ఆమే రంగు వేసింది. జనం "బీరువాల సంతోషి" అని పేరు పెడితే బిరుదు ఇచ్చినంతగా సంబరపడింది.

కొన్నేళ్లకు షెడ్డు మానేసి సొంతంగా గన్ను, దానికి గాలి అందించే కంప్రెషర్ కొనుక్కుంది. గేట్లు, షట్టర్లు, కిటికీ గ్రిల్స్, ఏది పిలిస్తే అది. మొగుడు మధుది ట్రాలీ ఆటో. కంప్రెషర్‌ను తీసుకెళ్లడం, రంగు పడకూడని చోట పాత పేపర్లు అంటించడం అతని వంతు. ఎవరైనా అలవాటు కొద్దీ మధును "ఎప్పుడొచ్చి కొడ్తవన్నా?" అని అడిగితే, అతను చల్లగా, "నన్నేం అడుగుతవు, గన్ను ఆమెది" అంటాడు.

అటువంటి సంతోషికి మొదటిసారి ఒక ఇల్లంతా దొరికింది. విమానాశ్రయంలో సరుకు దించే చోట సూపర్‌వైజరుగా చేసే రాఘవేందర్ ఊరి బయట తన చెలక భూమిలో కొత్త పద్ధతి ఇల్లు కట్టాడు. ఇనుప కమ్మీల చట్రం నిలబెట్టి, బయటి గోడలన్నీ గీతల రేకులతో బిగించాడు. లోపల వేడి రాకుండా మందపాటి పొర వేయించాడు. ఇల్లు తొందరగా లేచింది, ముచ్చటగానూ ఉంది. ఒక్కటే చిక్కు. అతని తల్లి ముత్తమ్మ ఆ ఇంట్లో కాలు పెట్టనంటోంది.

"రేకుల ఇంట్లకెళ్లి బయటవడెతందుకే నాకు సగం జిందగీ పట్టింది. మళ్ల రేకులల్లకే తోల్కపోతవారా?" అన్నది ఆమె వాదన. ఊళ్లోని రెండు గదుల స్లాబు ఇంట్లోనే ఉంటానని తేల్చి చెప్పింది. తల్లి రాకుండా గృహప్రవేశం చేయనని కొడుకు. కోడలు రేఖ ఇద్దరికీ సర్దిచెప్పి సర్దిచెప్పి విసిగిపోయింది.

సంతోషి రేకులు తుడుస్తున్న రోజు ముత్తమ్మ అటుగా వచ్చింది. చంకలో మనుమరాలు అఖిల. పిల్ల అప్పుడప్పుడే ఏదైనా పట్టుకుని నిలబడుతోంది. ముత్తమ్మ కంచె దగ్గరే ఆగి, ఇంటిని పైనుంచి కింది దాకా చూసి పెదవి విరిచింది.

"గిది ఇల్లా, బీరువానా? నన్ను లోపల వెట్టి తాళమేస్తరా?"

మధు నవ్వాపుకోలేకపోయాడు. సంతోషికి మాత్రం చురుక్కుమంది. బీరువా మాటను ఎవరూ అట్లా చిన్నచూపుతో అనగా ఆమె వినలేదు. గుడ్డ కింద పడేసి కంచె దగ్గరికి నడిచింది.

"పెద్దమ్మా, నేను రంగు కొట్టినంక వచ్చి చూడు. చూసి గిది రేకు అని నీ నోటితోని అంటే, నా గన్ను..."

విమానం ఒకటి తలమీదుగా దిగుతోంది. అక్కడివాళ్లందరికీ అలవాటే కాబట్టి ముగ్గురూ మాట ఆపి, అది పోయేదాకా నిలబడ్డారు.

"నా గన్ను నీ కాళ్ల కాడ వెట్టి పోత! మళ్ల పట్ట!"

విమానం పోయింది గానీ గొంతు తగ్గలేదు. రోడ్డు మీద టీ కొట్టు కొండల్‌కు కూడా స్పష్టంగా వినపడింది. సాయంత్రానికల్లా పందెం సంగతి ఊరంతా పాకింది. ఇంటికి పోతుంటే మధు, "గన్ను వెడ్తే ఏం చేస్తవే?" అని అడిగాడు. సంతోషి ఒళ్లోని గన్నును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆ గన్ను తప్ప తనకు ఇంకేదీ చేతకాదని ఆమెకు బాగా తెలుసు, ఇంకేదీ అక్కర్లేదని కూడా తెలుసు.

రాఘవేందర్ ముదురు బూడిద రంగు కావాలన్నాడు. ఫోన్లో ఫొటో కూడా చూపించాడు. సంతోషికీ అదే నచ్చింది. పనితనం కనపడేది ముదురు రంగు మీదే. అడుగున వేసిన ప్రైమర్ కోటు ఆరాక మొదలుపెట్టింది. జానెడు దూరం నుంచి, గోడకు సమానంగా చేయంతా కదిలిస్తూ ఒక పట్టీ, దాని సగం మీదుగా ఇంకో పట్టీ. చేయి ఒకచోట ఆగితే రంగు కారిపోతుంది. ఆమె చేయి ఆగలేదు. గాలి లేవకముందే, పొద్దున పూటే పని. అంతా పూర్తయ్యాక దూరంగా నిలబడి చూసుకుంటే, ఇంతవరకు తాను చేసిన పనులన్నింటిలో ఇదే గొప్పదనిపించింది.

ముత్తమ్మ రమ్మంటే రాలేదు. తనకు తోచినప్పుడు, నడిమధ్యాహ్నం వచ్చింది. చంకలోని పిల్లను ఎడమ పక్కకు మార్చుకుంది. గోడను చూడనైనా చూడకుండా కుడి అరచేయి దాని మీద పెట్టి, "అబ్బా!" అని లాక్కుంది. అరచేతిని ఊదుకుంటూ, ఒక్క మాటయినా అనకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"రేకు అనలే గదా, బతికినం," అన్నాడు మధు.

"నోర్ముయ్యి జర," అంది సంతోషి. తిట్టినా తట్టుకునేది, ఆ మౌనాన్ని తట్టుకోలేకపోయింది. చెప్పులేసుకుని ముత్తమ్మ వెనకే ఊళ్లోకి పోయింది.

ముత్తమ్మ స్లాబు ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లకు నీళ్లు తాగిస్తోంది. సంతోషిని చూసి పక్కకు జరిగింది.

"కోపంతోని వచ్చినవా?"

"కాదు పెద్దమ్మా. రేకంటే నీకు గింత పగెందుకో అడుగుదామని."

ముత్తమ్మ పిల్ల తల నిమిరింది. "వానలకు మా మట్టిల్లు కూలిపోతె చుట్టూ రేకులు వెట్టుకున్నం. ఎండకాలం. మా రాఘవేందర్‌గాడు గిప్పుడు గీ పిల్లున్నట్లే ఉండె, పట్టుకొని నిలవడుతుండె. ఒక్కనాడు రేకు పట్టుకున్నడు. రెండు చేతులూ బొబ్బలు. గంతే ఇగ, ఆ ఎండకాలమంత వాణ్ని కింద దించలే. పనికి పోతె నడుముకు కట్టుకొని పోయిన. నడుస్తందుకు వానికి ఆలిశెమాయె. గిప్పుడు వానికది యాది గూడ లేదు. నాకుంది."

సంతోషికి తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. బీరువా ఎప్పుడూ ఇంటి లోపల, నీడలో ఉంటుంది. ఎండలో నిలబడే బీరువాకు ఆమె ఎన్నడూ రంగు కొట్టలేదు. ఇంటిని చూసేవాళ్ల కళ్ల కోసం కొట్టింది, తాకేవాళ్ల గురించి ఆలోచించలేదు. సిగ్గనిపించింది. సిగ్గు వెంట పట్టుదల వచ్చింది.

నేరుగా రాఘవేందర్ దగ్గరికి వెళ్లింది. "అన్నా, రంగు మారుస్తున్న. మీగడ రంగు. ఎండను ఎనుకకు కొట్టే రకం దొరుకుతది, అదే తెస్త."

"తెల్లగ కొడ్తే దవాఖాన లెక్కుంటది చెల్లె! ఇంత మంచిగొచ్చినంక మారుస్తవా?"

"దవాఖాననే అననీ. మంచిగొచ్చిందని నాకు తెల్వదా? గని పనికొస్తలేదు." తల్లి చెప్పిన సంగతంతా చెప్పింది. రాఘవేందర్ తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత ఫొటో ఊసెత్తలేదు.

తాను మెచ్చుకున్న పనిని తానే గరుకు కాగితంతో రుద్దడం సంతోషికి కడుపు మండే పనే. పనికి పోతున్న దారి పొడవునా మధును ఏదో ఒకటి అంటూనే ఉంది. అయినా రుద్దింది. కొత్త రంగును ఒక కోటు మీద ఇంకో కోటుగా, ముందుకంటే ఓపికగా కొట్టింది. ముందు గోడ, పక్క గోడలు అయ్యాయి. వెనక గోడ ఒక్కటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం పని ఆపి గన్నును థిన్నర్‌తో కడుగుతుంటే ముత్తమ్మ వచ్చింది. పందెం సంగతి తెలిసిన కొండల్ టీ కొట్టు వదిలి కంచె దాకా వచ్చాడు. రాఘవేందర్, పిల్లను చంకనెత్తుకున్న రేఖ గుమ్మంలో నిలబడిపోయారు.

పడమటి గోడ మీద ఎండ నిండుగా ఉంది. ముత్తమ్మ మొదట వేలి కొసతో తాకింది. తర్వాత అరచేయి పెట్టింది. తీయలేదు. రెండో అరచేయి కూడా పెట్టి, అట్లాగే చాలాసేపు నిలబడింది. తర్వాత నెత్తి మీది కొంగు సర్దుకుని గోడకు వీపు ఆనించింది.

"రేకే," అంది.

ఎవరూ కదలలేదు. సంతోషి గన్నును గుడ్డతో తుడిచింది. మాట మాటే. కడిగిన గన్నును తెచ్చి ముత్తమ్మ కాళ్ల దగ్గర పెట్టింది.

ముత్తమ్మ దాని వంక చూడలేదు. రేఖను పిలిచి, ఆమె చంకలోంచి అఖిలను దించి అక్కడే నేల మీద నిలబెట్టింది. పిల్ల తూలి, రెండు చేతులూ గోడకు ఆనించి నిలదొక్కుకుంది. గోడను తడుముకుంటూ ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. ముత్తమ్మ పట్టుకోవడానికి చేయి చాపలేదు.

"గీడ వెడ్తవేందే, పిల్ల తొక్కుతది. తియ్యి," అంది సంతోషితో. "రేపు పొద్దుగాల ఎనుక గోడ గూడ కొట్టు. అటు దిక్కు గూడ పోతది పిల్ల."