అద్దాల రవిక, ఆరు మెగాపిక్సెళ్లు

ప్రేమ్‌సింగ్ కెమెరాను చూసి నవ్వినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర అతనికి చిన్న ఫొటో స్టూడియో ఉండేది. 2010లో హైదరాబాదుకు పోయి, ఎవరో వాడి వదిలేసిన డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చాడు. ఆరు మెగాపిక్సెళ్లు. అప్పటికే పెళ్లిళ్లలో పద్దెనిమిది మెగాపిక్సెళ్ల కెమెరాలు తిరుగుతున్నాయి. "ఇది మ్యూజియంల పెట్టు తమ్మీ" అని తోటి ఫొటోగ్రాఫర్లు పళ్లికిలించేవాళ్లు. వాళ్లకు కెమెరా కొనడం వచ్చు, ఫొటో తీయడం రాదు. ఆ మాట వాళ్ల ముఖం మీదే అన్నాను, మూడు గిరాకీలు పోగొట్టుకున్నాను. నాది కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఫొటోలు ప్రింటు వేసే ల్యాబు. ఎవరి చేతిలో ఎంత పనితనం ఉందో అందరికంటే ముందు నాకే తెలుస్తుంది.

ఆ కెమెరాకు అతను తగిలించిన మ్యాక్రో లెన్సు కెమెరా కంటే బరువు. చిన్న వస్తువును దగ్గరగా, పెద్దగా చూపించే లెన్సు అది. దానంతట అది ఫోకస్ చేయదు, చేత్తో రింగు తిప్పాలి. ప్రేమ్‌సింగ్ రింగు కూడా తిప్పడు. ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా అంగుళం ముందుకూ అంగుళం వెనక్కూ జరుపుతూ, సరిగ్గా కుదిరినప్పుడు నొక్కుతాడు. వరి పూత, చీమ మీసం, తుమ్మెద కాలికి అంటిన పుప్పొడి. అన్నీ పొద్దున ఎనిమిది లోపు ఎండలోనే, పక్కన తెల్లటి థర్మోకోల్ ముక్క ఆనించి. ఆ పాత కెమెరాలో వచ్చినంత నిండు ఎరుపు కొత్తవాటిలో నేను చూడలేదు. చెబితే ఎవడూ వినడు.

ఆ ఎరుపు కోసమే 2012 వానాకాలంలో, తల్లి లచ్చి దాచుకున్న ఎర్ర రవికను అతను బయటికి తీయించాడు. వాళ్లది మహమ్మద్‌నగర్ అవతల తండా. ఆ రవిక లచ్చి తల్లి కుట్టింది. అద్దాలు, గవ్వలు, వాటి చుట్టూ గొలుసులా తిరిగే ఒక కుట్టు. అలాంటిది తండాలో ఇంకెవరి బట్టల మీదా లేదు. లచ్చి చిన్నప్పుడు నేర్చుకుని, కూలి పనుల్లో పడి మరిచిపోయింది. రవిక ముందు పెట్టుకుంటే చేతులకు అదే గుర్తొస్తుందనేది. కోడలు కళ ఎల్లారెడ్డిలో మిషన్ కుట్టేది. వరి కోతలయ్యాక అత్త దగ్గర కూర్చుని ఆ కుట్టు నేర్చుకోవాలని కళ ఆశ. అందుకు ఆ ఒక్క రవికే ఆధారం.

ప్రేమ్‌సింగ్ నాలుగు రోజులు కూర్చుని నలభై మూడు ఫొటోలు తీశాడు. పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. ఒకదాంట్లో గోరంత అద్దంలో మబ్బులు కూడా కనిపిస్తాయి. నేను మురిసిపోయి, దాన్ని పెద్దగా ప్రింటు వేసి ల్యాబు ముందు వేలాడదీశాను. నా తప్పు అక్కడ మొదలైంది. ఒకరోజు ఒక పెద్దమనిషి కారు దిగి వచ్చాడు. నలగని చొక్కా, తియ్యటి మాటలు. పాత కుట్టుపనులంటే ప్రాణమన్నాడు, ఇది ఎక్కడిదని అడిగాడు. నేను వెధవను, తండా పేరూ మనిషి పేరూ చెప్పడమే కాక చిన్న ప్రింటొకటి చేతిలో పెట్టాను.

ప్రేమ్‌సింగ్ బిచ్కుందలో పెళ్లి ఫొటోలు తీసి మూడోరోజు ఇంటికొచ్చేసరికి రవిక లేదు. దాని బదులు తళతళలాడే స్టీలు బిందె, రెండు గిన్నెలు ఉన్నాయి. అతని ఫోన్ రాగానే బస్సెక్కి, ఎల్లారెడ్డిలో ఆటో పట్టుకుని తండాకు పోయాను.

"ఎట్ల ఇచ్చినవ్ అవ్వా?" అని అరిచాను.

వాళ్లింట్లో లంబాడీలోనే మాట్లాడుకుంటారు. లచ్చి నా కోసం తెలుగులో చెప్పింది. "కారుల వచ్చినాయన నా కొడుకు దీసిన ఫొటో చూపిచ్చిండు బిడ్డా. నీ కొడుకే పంపిండు అన్నడు. అది పాతవడ్డ బట్ట, చినుగుతున్నది. ఫొటోల ఉన్నదాయె, బట్ట పోతేంది అనుకున్న."

వాడు చూపించిన ఫొటో నేనిచ్చిందే. వాడు నాకిచ్చిన నంబరుకు పదిసార్లు ఫోన్ చేశాను, పలకలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. కొడుకు పేరు చెప్పి, ముసలామె తల్లి చేతిపనిని స్టీలు బిందెకు పట్టుకుపోయాడు. రేపు ఏ పట్నంలోనో దాన్ని గాజుపెట్టెలో పెట్టి, పదిమందితో చప్పట్లు కొట్టించుకుంటాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ప్రేమ్‌సింగ్ మాత్రం నన్నే ఓదార్చాడు. "ఊకో లింగన్నా. నలభై మూడు ఫొటోలున్నయ్ గదా. కండ్లతోని చూసినదాని కంటె మంచిగ కనవడ్తది. గవి చూసి అమ్మ కళకు నేర్పుతది." నన్ను నాలుగు తిడితే బాగుండేది. తిట్టనందుకు అతని మీద కూడా కోపమొచ్చింది.

ఆదివారం నాటికి ఫొటోలన్నీ పెద్ద సైజులో నా ఖర్చుతో ప్రింటు వేసి తీసుకుపోయాను. కళ సూదిలో ఎర్రదారం ఎక్కించుకుని సిద్ధంగా కూర్చుంది. లచ్చి మొదటి ఫొటోను వెలుతురుకు పట్టి చూసింది. "మా యమ్మ చెయ్యే ఇది" అని వేలితో తడిమింది. నాకు ఎన్నాళ్లకో ప్రాణం కుదుటపడింది.

అంతలో ఆమె ఫొటోను తిరగేసింది. తెల్ల కాగితం. రెండోది తీసి తిరగేసింది. మూడోది తిరగేసింది.

"ఉల్టా ఏది బేటా?" అంది.

"ఏం ఉల్టా?" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"బట్ట ఉల్టా. సూది లోపల్నుంచి ఎటు పోయింది, ఏడ మర్లింది, ఏడ ముడి వడ్డది, అంత ఉల్టాకే ఉంటది. పైనకెంచి చూస్తె సోకు కనవడ్తది, కుట్టు కనవడది."

ప్రేమ్‌సింగ్ కెమెరా తెచ్చి ఒక్కొక్క ఫొటో జరుపుతూ చివరిదాకా పోయాడు. మళ్లీ మొదటికొచ్చాడు. ఒక్కదాంట్లోనూ లేదు. రవికను ఒక్కసారి తిరగేసి నొక్కి ఉంటే చాలు. అతను తిరగేయలేదు. ప్రతి ఫొటో ప్రింటు వేసిన నాకూ ఆ ఊహే రాలేదు. కళ సూదిలో దారం లాగేసి ఉండకు చుట్టేసింది.

అతను గొంతెత్తి మాట్లాడగా నేను అంతకుముందెప్పుడూ వినలేదు. తల్లిని వాళ్లు యాడీ అంటారు. "యాడీ, అప్పుడే తిప్పి తియ్యమని ఎందుకు చెప్పలే?" అని ఇల్లు అదిరేటట్టు అరిచాడు.

లచ్చి బిత్తరపోయి కొడుకు వైపు చూసింది.

"నాలుగు దినాలు అంత దగ్గరికెంచి చూస్తివి. నీకు తెల్వదని నాకేమెరుక బేటా?"