సాలమోను చాటింపు

మా లంక ఊళ్ళో సాలమోను డప్పు వినిపిస్తే ఎందుకని ఎవరూ అడగరు, ముందు బయటికి వస్తారు. గోదారి పోటు మీదుందని కపిలేశ్వరపురం నుంచి కబురు రాగానే చాటేది అతనే. ఆ ఇంటివాళ్ళ చాటింపు వల్లే తాతల కాలం నుంచీ మేము పిల్లల్నీ గొడ్లనీ గట్టెక్కించుకుంటున్నాం. రేషను బియ్యం, పశువుల డాక్టరు, కరెంటు కోత, ఏదైనా అతని నోటే వినాలి. పెద్దవీధిలో మొదలుపెట్టి తన పేటలో ముగిస్తాడు. చివర్లో "ఆయ్, అదండి సంగతి" అంటాడు, మేం నవ్వుకుంటూ లోపలికి పోతాం.

పోయిన వేసవిలో అమ్మవారి తీర్థానికి ముందు పంచాయతీ సెక్రటరీ సోమేశ్వరరావు గారు అతన్ని పిలిచి సర్కారు ఆర్డరు చెప్పారు. తీర్థంలో హిందువులు కానివాళ్ళు కొట్లు పెట్టకూడదట. మా తీర్థంలో అలాంటి కొట్టు ఒక్కటే, గాజుల హుస్సేనమ్మది. అమ్మవారి చేతికి తొలి గాజులు ఏటా ఆవిడ మలారం నుంచే పోయేవి. అమ్మవారికి లేని పట్టింపు సర్కారుకెందుకో! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

హుస్సేనమ్మ గుమ్మం ముందు సాలమోను గొంతు తగ్గించాడు. ఆవిడే బయటికి వచ్చింది.

"గట్టిగా చెప్పన్నయ్యా. నాకు వినపళ్ళేదంటే రేపు నీ మీదకొస్తారు."

"సర్కారు మాటమ్మా, నాది కాదు" అన్నాడు. అదీ నిజమే. కాకపోతే, డప్పు కొట్టేవాడి జోలికి ఆ చాటింపు రాదనుకున్నాడు పిచ్చి మారాజు.

ఆవిడ తీర్థానికి వెళ్ళలేదు. తన అరుగు మీదే గాజులు పరుచుకుని కూర్చుంటే కుర్రాళ్ళు వచ్చి అన్నీ తొక్కేసి పోయారు. కానిస్టేబులు ఎదురుగా నిలబడి చెరుకురసం తాగుతున్నాడు. ఆర్డరు తీర్థానికి కదా, అరుగుకి కాదు కదా అని అడిగిన నాథుడు లేడు. హుస్సేనమ్మ తాటిపాకలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఆ గాజుపెంకులు వానలు పడేదాకా వీధిలో మెరుస్తూనే ఉన్నాయి.

శ్రావణంలో రెండో ఆర్డరు వచ్చింది. అనుమతి లేకుండా ప్రార్థనలు జరిగే ఇళ్ళకి సీలు వేస్తారట. పేటలో చర్చి కిందటి వరదకి ఒడ్డు కోసుకుపోయి గోదాట్లో కలిసిపోయింది. అప్పట్నుంచీ ఆదివారం ప్రార్థన సాలమోను ఇంటి వసారాలోనే.

"అది మా ఇల్లేనండి బాబూ" అన్నాడట సెక్రటరీతో.

"ఎవరిల్లని ఆర్డర్లో లేదు సాలమోనూ. నువ్వు చాటకపోతే ఆటోకి మైకు కట్టి తిప్పుతారు" అన్నారట ఆయన, తలెత్తకుండా.

ఆటో మైకులో వినేకంటే పేటవాళ్ళు తన నోట వినడమే నయమనుకున్నాడు కాబోలు, డప్పు భుజాన వేసుకున్నాడు. పెద్దవీధిలో ఈసారి "అదండి సంగతి" అనలేదు. మాలో ఎవరమూ నవ్వలేదు, ఇదేమిటని అడగనూ లేదు. అతను నడుస్తుంటే వెనకాల ఒక్కో తలుపుకీ గడియ పడింది. ఏ గడియ చప్పుడు ఎవరిదో అతనికి తెలుసు.

ఆ వారం గోదారి ఎర్రనీటితో పోటెత్తి ఉంది. డప్పు వినగానే పేటలో జనం వరదే అనుకుని చాపలు, బియ్యం కుండలు, కోళ్ళగంపలు పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు అతని భార్య బుచ్చమ్మ, నెత్తిన మూటతో.

సాలమోను డప్పు ఆపేశాడు.

"గోదారి కాదర్రా" అన్నాడు. "గోదారైతే గట్టెక్కుదుం."

సంగతంతా విన్నాక కూడా బుచ్చమ్మ మూట దించలేదు. ఏటా వరదప్పుడు అడిగే మాటే అడిగింది.

"మరి ఇదెప్పుడు తగ్గుద్దంట?"

ఆ కబురు అతనికి ఎవరూ చెప్పి పంపలేదు.