నాలుగు టైర్లతో హళ్ళిఖేడ్ దాకా

ఎలక్ట్రిక్ కారుకు టైర్లు కొనడానికి బీదర్ నుంచి పట్నం వెళ్ళి, వాటిని బస్సులో హళ్ళిఖేడ్ (బి) దాకా మోసుకొచ్చిన ప్రయాణం ఇది. ఇలా చేయమని ఎవరికీ సలహా ఇవ్వను. చేయక తప్పని వాళ్ళెవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

కారు నా భార్య సుజాతది. ఎర్రది, పొట్టిది, కాలు ఆనిస్తే చాలు వీపు వెళ్ళి సీటుకు అతుక్కుంటుంది. సుజాత హైస్కూల్లో లెక్కల టీచరు. ఏళ్ళ తరబడి బస్సుల్లో నిలబడి బడికి తిరిగిన మనిషి, చివరికి ఇష్టపడి ఈ బండి కొనుక్కుంది. నాకు స్కూటర్ తప్ప మరేదీ నడపడం రాదు. పక్కన కూర్చుని భయపడడం నా వంతు. నిజం చెప్పాలంటే ఆ భయం నాకు చాలా ఇష్టం.

ఈ వానాకాలం మొదట్లో ఆమె పుట్టిల్లు హళ్ళిఖేడ్ నుంచి తిరిగి వస్తుంటే ఊరు దాటాక మలుపులో కారు జారి చెరుకు తోటలోకి దూరింది. మాకేమీ కాలేదు కానీ రెండు టైర్లు చిరిగిపోయాయి. మా మామ మల్లయ్య ట్రాక్టరు కట్టి బండిని లాక్కెళ్ళి తన కొట్టం కింద పెట్టాడు. అప్పటి నుంచి సుజాత స్టీరింగు ముట్టలేదు.

"తప్పు నా చేతులల్లనే ఉన్నది. నా మీద నాకే నమ్మకం పోయింది" అంది. కొన్నాళ్ళకు అమ్మేద్దామంది. జహీరాబాద్ ఆయనొకరు ఆదివారం బీదర్ వచ్చి చూస్తానన్నాడు. టైర్లు నాలుగూ మార్చి ఉంచమన్నాడు. అంటే అమ్మడానికి కొంటున్న టైర్లన్న మాట. ఆమె అమ్మకుండా ఉంటే బాగుండునని నాకు లోపల ఒకటే పీకుతోంది. ఆ మాట పైకి అంటే బలవంతపెట్టినట్టవుతుందని నోరు మూసుకున్నాను.

ఆ సైజు బీదర్‌లో దొరకలేదు. శుక్రవారం ఇద్దరం సెలవు పెట్టి పొద్దున్నే పట్నం రైలెక్కాం. జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టుకున్నాం. కిటికీ పక్కన సీట్లు సులువుగానే దొరికాయి. ఎదురుగా కొత్తిమీర మూటతో ఒక పెద్దామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాం.

"టైర్లు తెచ్చెతందుకు రైలెక్కిన్రా? మరి మీ కారేం చేస్తాంది?" అంది.

"మా నాయిన కొట్టంల పండుకున్నదమ్మా" అంది సుజాత. పెద్దామె నవ్వింది. సుజాత నవ్వలేదు. రొట్టె సగం తిని మిగతాది నాకిచ్చి, వికారాబాద్ దాటేదాకా బయటికి చూస్తూ కూర్చుంది.

లింగంపల్లిలో దిగితే ఆటోకు దగ్గర. పది దాటాక టైర్ల దుకాణం చేరాం. లోపల ఏసీ, నేల మీద మొహం చూసుకోవచ్చు. టైర్లు అమ్మే చోట టైరు వాసన లేకపోవడం నాకు కొంచెం అనుమానంగానే అనిపించింది. అక్కడి సేల్స్‌మన్ మా కారు పేరు వినగానే హుషారుగా మూడు రకాలు దొర్లించుకొచ్చాడు.

మొదటిది మెత్తటి రబ్బరు. పొడి రోడ్డు మీద బల్లిలా పట్టుకుంటుందట, కానీ తొందరగా అరుగుతుంది. రెండోది గట్టిది. ఒకసారి చార్జింగ్ పెడితే ఇంకొంచెం ఎక్కువ దూరం పోతుంది కానీ తడిలో పట్టు తక్కువ. మూడోది ఎండకూ వానకూ, జోరుకూ నెమ్మదికీ అన్నిటికీ పనికొచ్చేది. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ వల్ల బరువెక్కువ కాబట్టి, ఏ రకమైనా ఆ బరువు మోసే నంబరు టైరు మీద ఉందో లేదో చూసుకోమన్నాడు. ఇంజను చప్పుడు ఉండదు కనుక టైరు రొద బాగా వినబడుతుందట, మూడోదానికి లోపల స్పాంజి అంటించి ఉంది.

అమ్మేసే బండికి వీటిలో ఏది వేసినా ఒకటే. నేనైతే మొదటిది చూపించి పద పద అనేవాణ్ణి. సుజాత మాత్రం మూడోదాని ముందు గొంతుక్కూర్చుని, నీళ్ళు పోయే గాడుల్లో వేలు పెట్టి లోతు చూసింది. వాన రోడ్డు మీద బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందని రెండుసార్లు అడిగింది.

"గాలి సరిగ్గా ఉంచండి మేడం. డోరు మీద రాసిన నంబరుకు తగ్గిందంటే ఎంత మంచి టైరైనా నీళ్ళ మీద తేలిపోతుంది" అని, ఆయన మామూలుగా అడిగాడు. "ఇంతకీ బండి నడిపేది ఎవరు?"

సుజాత వేలు గాడిలో అలాగే ఉండిపోయింది. "ఇన్ని దినాలు నేనే నడిపిన" అంది. మూడో రకమే నాలుగూ తీసుకున్నాం. నాకు ఆశ పుట్టింది అక్కడే.

లారీలో వేస్తే సోమవారానికి చేరతాయన్నారు. అప్పటికి ఆమె మనసు ఎటు తిరుగుతుందోనని వెంట తీసుకెళ్దామన్నాను. పక్క మెస్సులో పప్పు, చారుతో భోజనం చేసి, మధ్యాహ్నం హుమ్నాబాద్ పోయే బస్సు ఆపాం. కండక్టరు మమ్మల్నీ టైర్లనీ మార్చి మార్చి చూశాడు.

"సార్, వీటికి సామాను టికెట్ తీయాలె. ఎనక సీటు కాడ పండబెట్టున్రి. దొర్లితే జిమ్మేదారి మీదే."

దొర్లలేదు. ఎందుకంటే జహీరాబాద్ దాకా ఖాళీ సీటు లేదు, నాలుగు టైర్ల మీదా మనుషులే కూర్చున్నారు. చిట్గుప్ప పోయే ఒకామె స్పాంజిలో చేయి పెట్టి చూసి, "లోపల పరుపు గూడ ఉన్నదే అక్కా" అంది. ఈసారి సుజాత నవ్వింది. హుమ్నాబాద్‌లో బండి మారి, దీపాలు పెట్టే వేళకు హళ్ళిఖేడ్ చేరాం. బస మామ ఇంట్లోనే. కందిపప్పు, చెరువు చేపల పులుసు.

శనివారం పొద్దున మామ జాకీ పెట్టి చక్రాలు విప్పాడు. చక్రాలనూ టైర్లనూ ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని మామా నేనూ హుమ్నాబాద్ వెళ్ళి, ఎక్కించి, బ్యాలెన్సు చేయించి, డోరు మీది నంబరుకు గాలి పట్టించుకొచ్చాం. చార్జింగ్ రాత్రే పెట్టేశాం, గడ్డి కోసే మిషను ప్లగ్గుకు. కారును బీదర్ చేర్చడానికి మూడింటికి ఒక డ్రైవరు రావాలి. అన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయి, నాకేమో ఒక్కటీ నచ్చడం లేదు.

చక్రాలు బిగించేసరికి తుంపర మొదలైంది. నేను చేతులు కడుక్కుంటుంటే బుస్సుమని చప్పుడు. చూస్తే మామ ముందు చక్రం దగ్గర కూర్చుని పుల్లతో గాలి వదులుతున్నాడు. చప్పుడు విని సుజాత కూడా బయటికి వచ్చింది.

"ఏం చేస్తున్నవ్ నాయినా?"

"గాలి ఇడుస్తున్న బిడ్డా. వాన పడతాంది గద. తడి నేల మీద టైరు మెత్తగుండాలె, అప్పుడే నేలను పట్టుకుంటది. ఆ దినం గూడ మీరు లేవక ముందే నాలుగు టైర్లల్ల తగ్గించిన. అయినా జారింది, ఏం చేస్తం."

ఇక్కడి రైతులందరూ చేసే పనే ఇది. నల్లరేగడి బురదలో ట్రాక్టరు దిగబడకుండా టైరు గాలి తగ్గిస్తారు, టైరు వెడల్పై నేలను పట్టుకుంటుంది. నడకంత మెల్లగా పోయే ట్రాక్టరుకు అది సరే. నీళ్ళు నిలిచిన తారు రోడ్డు మీద జోరుగా పోయే కారుకు సరిగ్గా అదే ప్రమాదం. కూతురు జారకూడదనే ఆ ముసలాయన చేశాడు. గాలి తగ్గిందని చెప్పే టైరు గుర్తు కారు తెర మీద జారిన రోజు పొద్దున వెలిగింది కూడా. వానలు మొదలైనప్పటి నుంచి అది ఊరికే వెలుగుతూ ఆరుతూ ఉందని మేం పట్టించుకోలేదు. చదివేవాళ్ళు దయచేసి పట్టించుకోండి.

సుజాత తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది. ఆమె వెళ్ళి తండ్రి పక్కన కూర్చుని పుల్ల తీసేసుకుంది.

"ఇవి కొత్త రకం టైర్లు నాయినా. వీటికి గాలి నిండుగుండాలె" అంది. డిక్కీలోంచి చిన్న పంపు తీసి, వదిలిన గాలంతా తనే మళ్ళీ పట్టింది. తర్వాత నా వైపు తిరిగి, డ్రైవరును రావద్దని చెప్పమంది. నా చేతులు తడిగా ఉన్నాయి, ఫోను రెండుసార్లు జారింది.

మూడింటికి బయల్దేరాం. బిడ్డ చాలా రోజులకు నడుపుతోందని మామ కూడా వస్తానన్నాడు. ఆయన ముందు సీటు, నేను వెనక. ట్రాక్టర్లు పొలం మట్టి మోసుకొచ్చి రోడ్డంతా నల్లగా చేశాయి. మలుపు దగ్గర ఆమె ముందే నెమ్మది చేసింది. చెరుకు తోటలో మేం చేసిన సందు ఇంకా పూడలేదు. చక్రాల కింద నీళ్ళు పక్కకు చిమ్మాయి, బండి గీత గీసినట్టు తిరిగింది. స్పాంజి వల్లనో ఏమో, ఎవరూ మాట్లాడకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మామ ముందుకే చూస్తూ, "ఆ దినం గూడ గాలి గిట్లనే నిండుగ ఉంటే జారకపోవునా బిడ్డా?" అన్నాడు.

"ఆ దినం వాన బగ్గ కొట్టె నాయినా" అంది సుజాత, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె మీద అంత ప్రేమ నాకెప్పుడూ కలగలేదు. వెనక సీట్లో కూర్చుని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

నాలుగు దాటాక బీదర్ ఇల్లు చేరాం. చాయ్ తాగి, సాయంత్రం బస్సుకు పోతానని మామ లేచాడు. "బస్సెందుకు, నేను దింపొస్త" అని సుజాత తాళం చెవి తీసుకుంది. నేనూ చెప్పులు వేసుకుంటుంటే, "నువ్వెందుకు? పండుకో, అలిసినవ్" అంది. గేటు దగ్గర నిలబడి, ఎర్ర దీపాలు సందు మలుపు తిరిగేదాకా చూశాను.

ఈ ప్రయాణంలో రైలు హాయి, బస్సు తిప్పలు, టైర్లు మంచివి. అంతకు మించి ఏం రాయాలా అనుకుంటుంటే జహీరాబాద్ ఆయన ఫోను.

"బండి వచ్చిందా సార్, రేపు రమ్మంటరా?"

"వచ్చింది. మళ్ళ పోయింది" అన్నాను.

"అంటే అమ్మరా ఇగ?"

సుజాతను ఒక్క మాటైనా అడగకుండా, అమ్మం అని చెప్పేశాను.