గంజి పెట్టిన యుద్ధనౌక

ఓడ ఉన్న గాజుపెట్టె తలుపు తీస్తే ఇప్పటికీ ఒక వగరు వాసన వస్తుంది. పాత చెక్క వాసన అంటారు మా ఆయన. కాదు. అది తాళ్ల వాసన. ఆ తాళ్లు కట్టింది నేను కాబట్టి ఈ విషయంలో ఆయన మాట చెల్లదు.

కళింగపట్నంలో మా నాన్న హైస్కూలు డ్రాయింగు మాస్టారు. అరవైల చివర్లో, నాకు పదేళ్లప్పుడు, ఆయనకు ఓడ పిచ్చి పట్టింది. ఏదో పాత పుస్తకంలో దొరికిన నాలుగు బొమ్మలు ముందు పెట్టుకుని, రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషువాళ్ల తెరచాప యుద్ధనౌకను మూరన్నర పొడవున చేయడం మొదలుపెట్టారు. గుమ్మడి టేకు చెక్కతో ఓడ ఒళ్లు, నున్నగా చివ్విన వెదురుతో మూడు తెరచాప కొయ్యలు, విరిగిన గొడుగు ఊచల ముక్కలతో ఫిరంగులు, తన పాత పంచె చింపి తెరచాపలు. తాళ్లు బిగించే బుల్లి బిళ్లల కోసం నా ఆటపిక్కల్లో మంచి చింతపిక్కలన్నీ ఏరి, అరగదీసి, ఎర్రగా కాల్చిన సూదితో మూడేసి చిల్లులు పొడిచారు. పిక్కలు నేను ఊరికే ఇచ్చానా? తాళ్లు కట్టే పని నాదేనని, విజయనగరం ఎగ్జిబిషనుకు ఓడతో పాటు నన్నూ తీసుకెళ్లాలని మాట తీసుకున్నాకే ఇచ్చాను.

చూసేవాళ్లకు ఓడంటే తెరచాపలే. అసలు కొయ్యల్ని నిలబెట్టేవి మాత్రం రెండు పక్కలా లాగి కట్టిన తాళ్లు. నావికులు పైకెక్కడానికి వాటి మీద అడ్డంగా నిచ్చెన మెట్లలా మళ్లీ తాళ్లు, మెట్టుకు ఆరేసి ముళ్లు, ముడి ఆవగింజంత. కార్తీకమాసపు ఎండలో వీధరుగు మీద కూర్చుని, సముద్రపు గాలికి కొట్టుకుపోయే దారాన్ని పళ్లతో పట్టుకుని కట్టేదాన్ని. నాగులచవితి చిమ్మిలి తిన్న నువ్వుల నూనె వేళ్లతో దారం ముట్టుకుంటే వీపు విమానం మోతే.

నూలు దారం నూగునూగుగా, వేలాడుతూ ఉండేది. నాన్నకేమో దారం ఇనప తీగలా నిలబడాలి. నేనే అన్నాను: "అమ్మ చీరకి గంజెడితే నిలబడతాది కదా, తాడుకెందుకు నిలబడదు?" వార్చిన గంజి పల్చగా కలిపి, దారమంతా ముంచి, దండెం మీద ఆరేసి కట్టాం. ఓడ పెళ్లికొడుకులా తయారైంది. నాన్న వీధిలో పోయేవాళ్లని పిలిచి మరీ చూపించారు.

వారం తిరక్కుండా ఒక పొద్దున లేచి చూస్తే తాళ్లు లేవు. మిగిలిన పీలికలు వేలాడుతున్నాయి, నడిమి కొయ్య పక్కకు వాలింది, ఓడ మీదంతా బొద్దింకల రెట్టలు.

"నీ వాదన విన్నాను చూడు, నన్ననాలి!" అన్నారు నాన్న. "ఇంక ముట్టుకోకు. తాళ్లు లేకుండానే తీసుకెళ్తాను."

ఎగ్జిబిషనుకు తొమ్మిది రోజులుంది. తాళ్లు లేకపోతే నా ప్రయాణమూ లేదు.

అప్పుడే చేపలమ్మే నూకాలప్ప వచ్చి గుమ్మంలో గంప దించింది. ఓడను చూసి, దారం ముక్క తీసి నాలిక్కి తగిలించుకుని పకపకా నవ్వింది.

"ఏటి మేస్ట్రుగోరూ, తాళ్లకి గెంజెట్టీసినారా? బొద్దింకలికి పెళ్లి బోజినమెట్టినట్టే! మా వలలు సూడండి, ఏ పురుగైనా ముడతాదేటి? తుమ్మ బెరడు కసాయంలో ఉడకెయ్యాల. పాపని నా కూడా అంపండి."

నాన్న వద్దనలేదు. వద్దంటే నేను వాదిస్తానని ఆయనకు తెలుసు.

రేవులో పెద్ద గంగాళంలో తుమ్మ బెరడు కుతకుతా ఉడుకుతోంది. పక్కన సరుగుడు గుంజల మీద చెరువు మట్టి రంగు వలలు, ఇసక మీద ఎండుచేపలు. నా దారపుండను మూడుసార్లు ముంచి, మూడుసార్లు ఆరబెట్టి, కొసకు రాయి కట్టి సాగదీసింది. ఆరాక నా చేత ఒక ముడి వేయించుకుని చూసింది.

"ఓలమ్మో, ఇదేటే, ఆవుని కట్టీసినట్టు! ఒకసుట్టు ఎయ్యి, రెండో సుట్టు దానిమీంచి తిప్పి కిందనుంచి తియ్యి. పీక పిసికినట్టు లాగీకు, పక్క తాళ్లు నడుం ఒంగిపోతాయి."

"పుస్తకంలో ఇలాగే ఉంది!"

"నీ పుస్తకం ఏనాడైనా ఏటకెళ్లిందేటే?"

జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో అదొకటి.

ఎనిమిది రోజుల్లో కట్టేశాను. తాళ్లు నల్లటి గోధుమ రంగులో, బొమ్మలో ఉన్న తారు తాళ్లలాగే వచ్చాయి. ఓడ ముందు పెట్టే అట్టముక్క మీద నాన్న తన పేరొక్కటే రాశారు. ఒకపూట అన్నం మానేసి, 'తాళ్లు కట్టినది' అని నా పేరు కూడా రాయించుకున్నాను.

విజయనగరంలో ఓడ చుట్టూ జనం. కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన వంగి చూసి, దారానికి ఈ రంగు వేయడం ఎవరు చెప్పారని అడిగారు. నాన్న నావైపు చూశారు.

"నేనే కనిపెట్టాను" అన్నాను.



తిరిగొచ్చిన మర్నాడు నూకాలప్ప వీధిలోంచే కేకేసింది. "ఏటన్నారే, మన తాళ్లని?"

"బాగున్నాయన్నారు."

"బాగోవేటి మరి!" అని, గంప దించకుండానే నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ రేవులో ఆకుపచ్చ నైలాను వలలున్నాయి. గంగాళం లేదు, బెరడు వాసన లేదు. నాన్న లేరు, నూకాలప్ప లేదు. తెరచాపలు పసుపు పచ్చబడి చిరుగులు పడ్డాయి గానీ తాడు ఒక్కటి తెగలేదు, బొద్దింక ఒక్కటి దగ్గరికి రాలేదు.

మొన్న ఆ అట్టముక్క వెలిసిపోతే కొత్తది రాయడానికి కూర్చున్నాను. నాన్న పేరు రాశాను. తర్వాత నూకాలప్పది పూర్తి పేరు రాద్దామంటే కలం ఆగిపోయింది. నా పేరు కోసం అన్నం మానేసినదాన్ని, ఆవిడ ఇంటిపేరు ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

నూకాలప్ప అనే రాశాను. నా పేరుకు పైన.